1,800 అడుగుల స్థలం, 976 అడుగుల ఇల్లు

30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు. అంబర్‌పేట్, రామంతాపూర్, ఉప్పల్ వైపు కాలనీల్లో తరచూ కనిపించే ప్లాటు ఇది. 200 గజాలు, అంటే 1,800 చదరపు అడుగులు. రిజిస్ట్రేషన్ అయిన రోజు నుంచీ ఇంటిల్లిపాదికీ ఈ అంకె నోటికొచ్చు. అయితే ఆ 1,800లో మంచం వేసుకోవడానికి, స్టవ్ పెట్టుకోవడానికి, అటూ ఇటూ నడవడానికి ఒక అంతస్తులో చివరికి మిగిలేది 976 అడుగులే. ఇల్లు కట్టుకునేవాళ్లలో చాలామందికి ఈ రెండో అంకె స్లాబ్ పడ్డాకే తెలుస్తోంది. ఆర్కిటెక్టు దగ్గరికి వెళ్లకముందే తెలియాల్సిన అంకె అది.

ఎలా తగ్గిందో చూద్దాం. మన భవన నియమాలకు మూలం 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168. తర్వాత సవరణలు వచ్చాయి, ఇంకా వస్తుంటాయి కాబట్టి ప్లాన్ గీయించే నాటికి అమల్లో ఉన్న పట్టికనే చూసుకోవాలి. ఆ జీవో ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాటులో, ఎదుటి రోడ్డు 12 మీటర్ల లోపు ఉంటే, 10 మీటర్ల ఎత్తు దాకా కట్టే ఇంటికి ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున సెట్‌బ్యాక్ వదలాలి. మన 200 గజాలు 167 చదరపు మీటర్లు. ముందు దాదాపు 5 అడుగులు, మిగతా మూడు వైపులా 3 అడుగుల 3 అంగుళాల చొప్పున పోగా కట్టుకోవడానికి 1,214 చదరపు అడుగులు దొరుకుతాయి. చుట్టూ 9 అంగుళాల గోడ లేచాక లోపల 1,103. మెట్లకు 82. గదుల మధ్య నాలుగున్నర అంగుళాల గోడలు అన్నీ కలిపి 120 అడుగుల పొడవుంటే వాటికి 45. మిగిలింది 976, స్థలంలో నూటికి 54 వంతులు.

మెట్లకు అంత ఎందుకని అడుగుతారు. అంతస్తు ఎత్తు 10 అడుగులు అనుకుంటే, ఒక్కో మెట్టు 6.67 అంగుళాల చొప్పున 18 మెట్లు కావాలి. తొమ్మిదేసి చొప్పున రెండు వరసల్లో తిప్పితే, అడుగు వేసే చోటు 10 అంగుళాలు, రెండు కొసలా 3 అడుగుల ల్యాండింగ్, ఒక్కో వరస వెడల్పు 3 అడుగులు పెట్టుకుంటే, 12 అడుగుల 8 అంగుళాల పొడవు, వరసల మధ్య ఖాళీతో కలిపి 6 అడుగుల 6 అంగుళాల వెడల్పు అవుతుంది. ఇది ఒక మోస్తరు మెట్ల లెక్క, దుబారా ఏమీ లేదు.

ఇప్పుడు కోరికల వైపు చూడండి. 11×12 బెడ్‌రూములు మూడు, 14×18 హాలు, 10×12 డైనింగ్, 8×10 వంటిల్లు, 5×5 పూజ గది, 5×8 బాత్రూములు మూడు, 5×6 వాష్ ఏరియా. ఎవరూ అత్యాశ అనలేని జాబితా. కూడితే 1,023 అడుగులు. గది నుంచి గదికి నడిచే దారులకు 10 శాతం కలిపితే 1,125. కారు కింది అంతస్తులోనే పెట్టాలంటే జాతీయ భవన నియమావళి చెప్పే 2.5×5 మీటర్ల చోటుకు మరో 135. మొత్తం 1,260. ఉన్నది 976. తేడా 284 చదరపు అడుగులు, అంటే రెండు బెడ్‌రూములకు పైనే. ముందు వదిలే 5 అడుగుల్లో, పక్కనున్న మీటరు సందులో కారు పట్టదు కాబట్టి ఆ తేడా మేరకు ఎక్కడో ఒకచోట కోత పెట్టాల్సిందే. ఆ కోత ఎక్కడ పడాలో ఇంట్లోవాళ్లు కూర్చుని తేల్చుకుంటే ఒక పద్ధతి. తేల్చుకోకపోతే సైటు మీద మేస్త్రీ తేలుస్తాడు. తప్పు అతనిది కాదు, అడిగితే చెప్పేవాళ్లు లేకపోయారు.

ఆ తేల్చుకోవడాన్నే కాగితం మీద పెడితే దాన్ని ఆర్కిటెక్టులు ప్రాజెక్ట్ బ్రీఫ్ అంటారు. ఫోనులో దాచుకున్న ఎలివేషన్ ఫొటోలు బ్రీఫ్ కావు. పక్క గల్లీలోవాళ్ల ప్లాను జిరాక్సు కూడా కాదు. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం కింద ఏర్పడిన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ తన నియామక షరతుల్లో యజమాని బాధ్యతలు కూడా రాసింది. ప్రాజెక్టుకు కావలసినవేమిటో వివరంగా ఇవ్వడం, స్థలం హక్కు పత్రాలు, హద్దులు చూపే కొలతల నక్షా ఇవ్వడం అందులో యజమాని పనులే. బ్రిటన్ ఆర్కిటెక్టుల సంఘం 2020 నాటి పని ప్రణాళికలో 0 నుంచి 7 దాకా ఎనిమిది దశలుంటే, మొదటి రెండూ అవసరాలు తేల్చుకోవడానికే. గీత గీయడం మొదలయ్యేది 2వ దశలో. అమెరికాలో విలియం పేన్యా 1969లో ఈ ఒక్క విషయం మీదే పుస్తకం రాశారు. లక్ష్యాలు, వాస్తవాలు, ఆలోచనలు, అవసరాలు వరసగా తేల్చుకుని, చివర సమస్యను రాసి చూపించాకే డిజైన్ మొదలవ్వాలన్నది ఆయన చెప్పిన పద్ధతి.

దీనికి దూరదేశాల ఉదాహరణలు వెతుక్కోనక్కర్లేదు. అంబర్‌పేట్ పక్కనే ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది. శాశ్వత భవనాలు కట్టాలనుకున్నప్పుడు నిజాం ప్రభుత్వం నేరుగా నిర్మాణానికి దిగలేదు. 1930లో జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజాలను విదేశాలకు పంపి అక్కడి విశ్వవిద్యాలయాలను చూసి రమ్మంది. వాళ్లు యూరప్, అమెరికా, జపాన్ తిరిగారు. ఆ క్రమంలోనే ఈజిప్టులో పనిచేస్తున్న బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్ ఈ పనిలోకి వచ్చారు. హిందూ, ముస్లిం నిర్మాణ రీతులు రెండూ కలిసిన ఆర్ట్స్ కాలేజీకి 1934 జులై 5న శంకుస్థాపన జరిగింది, 1939 డిసెంబరు 4న ప్రారంభమైంది. అధ్యయనానికి మనుషులను పంపిన నాటికీ పునాది రాయి పడిన నాటికీ మధ్య నాలుగేళ్లు. కట్టడానికి ఐదేళ్లు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని చదువుకున్నవాళ్లు ఈ తూర్పు హైదరాబాదులో ఇంటికొకరు ఉంటారు, ఆ నాలుగేళ్ల సంగతి మాత్రం ఎక్కువమందికి తెలియదు. మన 200 గజాల ఇంటికి నాలుగేళ్లు అక్కర్లేదు. నాలుగు ఆదివారాలు చాలు, కానీ ఆ నాలుగూ కావాలి.

75 గజాల లెక్క

పాత అంబర్‌పేట్ గల్లీల్లో ప్లాట్లు ఇంకా చిన్నవి. అక్కడ అంకెలు ముందే వేసుకోకపోతే నష్టం మరీ ఎక్కువ. 15 అడుగుల వెడల్పు, 45 అడుగుల లోతు, 75 గజాలు తీసుకోండి. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల దాకా ఉన్న స్థలంలో గ్రౌండ్, పైన ఒక అంతస్తు వరకు, అంటే 7 మీటర్ల ఎత్తు దాకా కట్టుకుంటే అనుమతి అవసరం లేదు. రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి. ఆపైన 21 రోజుల గడువు. 2025లో ఆన్‌లైన్ వ్యవస్థ బిల్డ్‌నౌ పేరుతో మారింది.

చాలామంది ఇక్కడ రెండంతస్తులకు ఆగరు, మూడోది వేద్దామంటారు. అద్దె వస్తుందని ఆశ. 50 నుంచి 100 చదరపు మీటర్ల ప్లాటులో 7 మీటర్ల ఎత్తుకైతే ముందు 1.5 మీటర్లు వదిలితే సరిపోతుంది, పక్కల ఏమీ వదలక్కర్లేదు. 10 మీటర్లకు వెళ్తే మిగతా మూడు వైపులా అర మీటరు చొప్పున వదలాలి. మొదటి పద్ధతిలో ఒక అంతస్తు 601 చదరపు అడుగులు, రెండంతస్తులు 1,202. రెండో పద్ధతిలో ఒక అంతస్తు 450కి పడిపోతుంది, మూడంతస్తులు 1,351. పైకి చూస్తే 149 అడుగులు లాభం. బయటి గోడలు తీసేయండి. 521 రెండు సార్లు 1,042, 377 మూడు సార్లు 1,132 చిల్లర. మెట్లు తీసేయండి, అంతస్తుకు 82 చొప్పున. మొదటి ఇంట్లో 878 మిగిలితే రెండో ఇంట్లో 886.

మూడో అంతస్తు వేసి సంపాదించింది 8 చదరపు అడుగులు. ఒక పరుపు కూడా పట్టని చోటు. చదరపు అడుగుకు 2,000 రూపాయలు అనుకుంటే దానికి పెట్టింది దాదాపు 3 లక్షలు. పైగా రెండో ఇంటి లోపలి వెడల్పు 10 అడుగుల 2 అంగుళాలు. అందులో 6 అడుగుల 6 అంగుళాలు మెట్లకు పోతే పక్కన మిగిలేది 3 అడుగుల 8 అంగుళాల సందు. మొదటి ఇంట్లో అదే చోట 7 అడుగులు ఉంటుంది, ఒక చిన్న వంటిల్లు అమరుతుంది. మొదటి ఇంటికీ ఒక చిక్కుంది. పక్క గోడలకు కిటికీలు రావు, వెనకా రావు. 40 అడుగుల లోతున్న ఇంటికి గాలీ వెలుతురూ ముందు వైపు నుంచే రావాలి. అందుకే మధ్యలో 4×5 అడుగుల చోటు ఆకాశానికి తెరిచి ఉంచాలని బ్రీఫ్‌లో మొదటి వరసలోనే రాయాలి. అంతస్తుకు 20 అడుగులు పోతాయి. పగటిపూట లైటు వేసుకుని వండుకునే వంటింటితో పోలిస్తే ఆ 20 అడుగులు ఏమాత్రం ఎక్కువ కాదు.

ఇలాంటి లెక్క అద్దె మీద ఆశతో ఉన్న ఇంటి పెద్దకు చెప్పడం కష్టం. అయినా చెప్పాలి. బ్యాంకు అప్పు తీర్చేది ఆయనే.

కాగితాలు చూడాల్సిన చోటు

ఎదుటి రోడ్డు ఎంత వెడల్పు? డాక్యుమెంటులో రాసింది కాదు, టేపు పట్టి కొలిచింది. 20 అడుగుల గల్లీని 9 మీటర్ల రోడ్డు చేయాల్సిన చోట రోడ్డు నడి మధ్య నుంచి 4.5 మీటర్లు మీ వైపు వదలమంటారు. ఇప్పుడున్నది 3.05 మీటర్లే కాబట్టి మీ ప్లాటులోంచి 1.45 మీటర్లు, 4 అడుగుల 9 అంగుళాలు, రోడ్డుకు పోతుంది. సెట్‌బ్యాక్ కొలత ఆ కొత్త గీత నుంచి మొదలవుతుంది. మన 200 గజాల ఇంట్లో 1,214 అడుగులు 1,103కి దిగుతాయి. మూడంతస్తుల మీద 333 అడుగులు, ఒక సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్ అంత.

చెరువులు, నాలాల సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. అంబర్‌పేట్ బతుకమ్మకుంట పూడిపోయి, మట్టి దిబ్బల కింద కనుమరుగై ఉండేది. 2024లో ఏర్పడిన చెరువుల రక్షణ సంస్థ హైడ్రా దాన్ని తవ్వించి నీళ్లు పైకి తెచ్చింది, 2025 సెప్టెంబరులో ముఖ్యమంత్రి ప్రారంభించారు. ఉప్పల్ నల్లచెరువు, రామంతాపూర్ పెద్దచెరువు, నాచారం పెద్దచెరువు చుట్టూ కాలనీలున్నాయి, అంబర్‌పేట్‌కు దక్షిణాన మూసీ ఉంది. జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటల నుంచి 9 మీటర్లు, 10 మీటర్లకు మించి వెడల్పున్న నాలా నుంచి 9 మీటర్లు, చిన్న నాలా నుంచి 2 మీటర్లు, నగర పరిధిలో నది నుంచి 50 మీటర్లు ఖాళీగా వదలాలి. మీ ప్లాటు మూల నుంచి దగ్గరి నీటి హద్దుకు ఎన్ని మీటర్లో బ్రీఫ్‌లో రాసుండాలి. పూడ్చిన నేల అయితే మట్టి పరీక్ష చేయించి ఆ ఫలితం జత చేయాలి. పునాది లోతు, స్టీలు ఖర్చు తేలేది దానితోనే.

ఇంకొక చిన్న విషయం. అంబర్‌పేట్ హైదరాబాద్ జిల్లాలో ఉంది, ఉప్పల్, నాచారం మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలో ఉన్నాయి. ఉప్పల్ కలాన్ 2007 దాకా వేరే మున్సిపాలిటీ. పాత అనుమతి పత్రాలు, లింక్ డాక్యుమెంట్లు ఏ ఆఫీసు పేరుతో ఉన్నాయో సరిచూసి, కాపీలు ఒకే ఫైలులో పెట్టి ఇస్తే ఆర్కిటెక్టుకు వారాల పని తగ్గుతుంది.

ఇంట్లో ఎవరుంటారు, ఎన్నింటికి లేస్తారు

బ్రీఫ్‌లో అన్నిటికంటే ఎక్కువ చోటు దక్కాల్సింది దీనికి. అందరూ తక్కువ రాసేదీ ఇదే. ఐదుగురున్న ఇల్లు అనుకోండి. పొద్దున ఒక్కొక్కరికి బాత్రూములో 20 నిమిషాలు. ఒకే బాత్రూమైతే 100 నిమిషాలు, 6:30కి మొదలైతే ఆఖరివాళ్లు 8:10కి బయటికొస్తారు. రాయదుర్గం మెట్రో పట్టుకోవడానికి ఉప్పల్ స్టేషన్‌కు 8 గంటలకు చేరాల్సినవాళ్లు ఇంట్లో ఉంటే కుదరదు. రెండైతే మూడు విడతలు, గంటలో తెమిలిపోతుంది. మూడోది ఉంటే రెండు విడతలు, 40 నిమిషాలు. మూడో బాత్రూముకు పోయే 40 చదరపు అడుగులు ఆ 20 నిమిషాల కోసం అవసరమా, లేక ఆ చోటు అమ్మానాన్నల గదికి కలపాలా? జవాబు ఏదైనా పర్వాలేదు, ఇంటివాళ్లు ఇచ్చింది కావాలి.

వయసులు రాయండి. ఇప్పటివి, పదేళ్ల తర్వాతివి. ఇవాళ 58 ఏళ్ల నాన్నకు పదేళ్లలో 68. అంతస్తుకు 18 మెట్ల చొప్పున రెండో అంతస్తుకు 36 మెట్లు. కింద అద్దెకిచ్చి పైన మనం ఉందాం అనే నిర్ణయం ఈ అంకె పక్కన పెట్టుకుని తీసుకోవాలి. లిఫ్టు ఇప్పుడు పెట్టకపోయినా ప్రతి అంతస్తులో 5×5 అడుగుల చోటు ఒకే నిలువులో వదిలితే మొత్తం 75 అడుగులు పోతాయి. అప్పటిదాకా ఆ చోటును అటకలతో స్టోర్ రూముగా వాడుకోవచ్చు. తర్వాత స్లాబ్ కోసి లిఫ్టు దించడం చాలా పెద్ద పని.

పోర్షన్లు అద్దెకివ్వాలంటే అద్దెవాళ్లు మన హాల్లోంచి నడవకుండా మెట్లకు వేరే దారి, ఒక్కో పోర్షన్‌కు వేరే కరెంటు మీటరు, బట్టలారేసుకునే చోటు ముందే రాయాలి. వాస్తు చూసుకునే ఇల్లయితే సిద్ధాంతి గారిని ప్లాన్ అయ్యాక పిలవడం కంటే బ్రీఫ్ రాసేటప్పుడే కూర్చోబెట్టడం మంచిది. వంటిల్లు ఆగ్నేయం, పెద్దల గది నైరుతి, సంపూ బోరూ ఈశాన్యం అని మూడు మూలలు ఖాయమైతే 23 అడుగుల వెడల్పున్న ఇంట్లో మెట్లకు మిగిలే చోట్లు ఒకటో రెండో. అది గీసేవాళ్లకు ముందు తెలియాలి.

గదుల కొలతలు ఊహతో రాయకండి. ఇప్పుడు ఉంటున్న ఇంటినే కొలవండి. 5 మీటర్ల టేపు, ఒక నోటుబుక్కు చాలు. 10×11 గదిలో 5 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవున్న మంచం వేసి, కాళ్ల వైపు 2 అడుగుల లోతున్న వార్డ్‌రోబ్ పెడితే మధ్య మిగిలేది రెండున్నర అడుగులు. తలుపు తెరిచి నిలబడి చీర తీసుకోవడానికి అది సరిగ్గా సరిపోతుంది. గది 10×10 అయితే ఆ చోటు అడుగున్నర, తలుపు మంచానికి తగులుతుంది. వంటగట్టు ఎత్తు 32 నుంచి 34 అంగుళాలు పెట్టడం మామూలు. ఐదడుగుల అమ్మ, ఐదున్నర అడుగుల కోడలు ఒకే గట్టు మీద వండితే ఎవరికో ఒకరికి నడుము నొప్పి. రోజూ ఎక్కువసేపు నిలబడేదెవరో వాళ్ల మోచేయి ఎత్తు కొలిచి, దానికి 4 అంగుళాలు తక్కువగా రాయండి. గ్రైండరు, బియ్యం డ్రమ్ము, 14.2 కిలోల సిలిండర్లు రెండు, ఆవకాయ జాడీలు, సంక్రాంతికి మాత్రమే దించే పెద్ద గిన్నెలు, ఒక్కొక్కటీ ఎంత వెడల్పు, ఎంత ఎత్తు అని కొలిచి రాస్తే వంటిల్లు దానంతటదే తయారవుతుంది. జాతీయ నియమావళి వంటింటికి కనీసం 5 చదరపు మీటర్లు, 54 అడుగులు అంటుంది. అది బతకడానికి సరిపడే అంకె, పండగకు సరిపోదు.

నీళ్లు

మనిషికి రోజుకు 135 లీటర్లన్నది మన దేశంలో పట్టణ ప్రణాళికలో వాడే అంకె. మీ ఐదుగురు, రెండు పోర్షన్లలో ఏడుగురు, మొత్తం 12 మంది. రోజుకు 1,620 లీటర్లు, నెలకు 48,600. జలమండలి 2021 జనవరిలో మొదలుపెట్టిన పథకంలో ఉచితంగా వచ్చేది నెలకు 20,000 లీటర్లు. మిగతాది బిల్లులోనో, బోరులోనో, ట్యాంకరులోనో చూసుకోవాలి. రోజు విడిచి రోజు నల్లా వచ్చే చోట కనీసం మూడు రోజులకు సరిపడా నిల్వ కావాలి, అంటే 4,860 లీటర్లు. 6×6 అడుగుల సంపులో 6 అడుగుల లోతు నీళ్లు నిలిస్తే 6,100 లీటర్లు పడతాయి. సంపు చోటు పునాది తవ్వకముందే ఖాయం కావాలి. పైన 2,000 లీటర్ల ట్యాంకు అంటే నీళ్ల బరువే 2 టన్నులు, అది ఏ కాలమ్‌ల మీద పడుతుందో స్ట్రక్చరల్ ఇంజినీరుకు తెలియాలి.

హైదరాబాదులో ఏడాది వాన సుమారు 800 మిల్లీమీటర్లు. 1,214 అడుగుల కప్పు మీద పడేది 90,000 లీటర్లు. అందులో 80 శాతం పట్టుకున్నా 72,000, మన 12 మందికి 44 రోజుల నీళ్లు. ఇంకుడు గుంత ఎక్కడో, కప్పు పైపులు ఎటు దిగుతాయో బ్రీఫ్‌లో ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది. రాయకపోతే ఆ నీళ్లు రోడ్డు మీదికి, నాలాలోకి పోతాయి.

డబ్బు, అంతస్తులు

బడ్జెట్ 60 లక్షలు అనుకుందాం. కింది లెక్కకు చదరపు అడుగుకు 2,000 రూపాయలు పెడుతున్నాను. మీ కాంట్రాక్టరు చెప్పిన రేటు పెట్టుకుని మీరే మళ్లీ లెక్క వేసుకోండి. అనుకోని ఖర్చులకు 10 శాతం, 6 లక్షలు, మొదటే పక్కకు తీయాలి. ప్రహరీ, గేటు, సంపు, బోరు, అనుమతి రుసుములు, కరెంటు, నీటి కనెక్షన్లు రేటులో ఉండవు. వాటికి మరో 6 లక్షలు అనుకుందాం. 48 లక్షలు మిగిలాయి, 2,400 చదరపు అడుగులు వస్తాయి. మన ఇంట్లో ఒక అంతస్తు 1,214. అంటే దాదాపు రెండంతస్తులు, అంతే. మూడోది కావాలంటే 3,642 అడుగులకు 72.84 లక్షలు, పక్కకు తీసినవి కలిపితే దాదాపు 85 లక్షలు. ఆ 25 లక్షలు ఎక్కడి నుంచి వస్తాయో తేలకుండా జీ ప్లస్ 2కి ప్లాన్ గీయిస్తే, పైన తుప్పు పట్టే కడ్డీలతో సగం ఇల్లు మిగులుతుంది. ఇప్పుడు రెండే వేసి, మూడో అంతస్తు బరువుకు పునాది, కాలమ్‌లు సిద్ధం చేయమని రాయడం సరైన దారి.

రేటులో జీఎస్టీ కలిసుందో లేదో అడిగి రాయాలి. ఆర్కిటెక్టు, ఇంటీరియర్ సేవల మీద 18 శాతం. సిమెంటు మీద పన్ను 2025 సెప్టెంబరు 22న 28 నుంచి 18 శాతానికి దిగింది కాబట్టి అంతకుముందు తీసుకున్న కొటేషన్ చేతిలో ఉంటే కొత్తది అడగాలి.

నాచారంలోనో ఉప్పల్‌లోనో ఫ్లాటు కొని ఇంటీరియర్ మాత్రమే చేయించుకునేవాళ్లకు ఈ పని చిన్నదే కానీ తేలిక కాదు. మొదట బ్రోషరులో అంకె పక్కన పెట్టి కార్పెట్ ఏరియా కొలవాలి. 2016 రెరా చట్టం ప్రకారం అందులో లోపలి అడ్డగోడలు కలుస్తాయి, బయటి గోడలు, షాఫ్టులు, బాల్కనీ కలవవు. కదపకూడని కాలమ్‌లు, బీములు, నీటి గొట్టాల షాఫ్టులు గుర్తు పెట్టాలి. వార్డ్‌రోబ్‌లు ముందువైపు వైశాల్యం లెక్కన కడతారు. 7 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు, పైన 2 అడుగుల అటక అయితే 63 చదరపు అడుగులు. అడుగుకు 1,500 అనుకుంటే 94,500. మూడు గదులకు 2,83,500, పన్నుతో 3,34,530. ఫాల్స్ సీలింగ్ ముచ్చట రాకముందే వచ్చిన ఖర్చిది. ఒక గదిలో వార్డ్‌రోబ్ బదులు ఉన్న బీరువానే ఉంచుకుంటామని బ్రీఫ్‌లో రాస్తే పన్నుతో కలిపి లక్షా పదకొండు వేలు మిగులుతుంది.

అన్నీ తేలాక రెండు మూడు పేజీలకు మించదు. తప్పనిసరి, ఉంటే మంచిది, అక్కర్లేదు అని మూడు గడులు. అక్కర్లేదు అన్న గడి ఖాళీగా ఉంటే ఇంకా ఆలోచించలేదన్నట్టే. ప్లాన్ వచ్చాక సంతకం పెట్టకముందు సైటులో ముగ్గుతో గదుల గీతలు పోయించి, ఇంట్లోవాళ్లందరినీ ఆ గీతల మధ్య నడిపించండి. 11 అడుగులంటే ఎంతో కాగితం మీద అర్థం కానివాళ్లకు అక్కడ ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

బ్రీఫ్ ప్రతిని ఆర్కిటెక్టు ఒప్పందానికీ కాంట్రాక్టరు ఒప్పందానికీ జత చేసి, ప్రతి పేజీ మీద ఇద్దరి సంతకాలు ఉంచాలి. ఇంట్లో ఆఖరి మాట ఎవరిదో ఒక పేరు రాయాలి, లేకపోతే సైటుకు వచ్చిన ప్రతి బంధువూ ఒక కిటికీ మారుస్తాడు. మార్పులకు వేరే పుస్తకం పెట్టి, ఏ మార్పు ఎవరు అడిగారు, ఎంత ఖర్చు, ఎన్ని రోజులు అని తేదీతో రాయాలి. సెంట్రింగ్ కొట్టాక అడిగిన మార్పుకు డబ్బు ఎవరు భరించాలన్న షరతు పని మొదలవ్వకముందే ఒప్పందంలో ఉండాలి.